అమెరికా సభ్యురాలి ప్రకటన వరంగల్ ఇంటికి చేరినప్పుడు దాన్ని పరిశీలించే పద్ధతి

2025 నవంబరు 13న మార్జొరీ టేలర్ గ్రీన్, విదేశీ నిపుణులు అమెరికాలో ఉద్యోగం చేసేందుకు ఇచ్చే హెచ్-1బీ వీసా విధానాన్ని రద్దు చేసేందుకు తాను బిల్లు తెస్తున్నానని ఎక్స్‌లో ప్రకటించారు. అప్పటికి ఆమె అమెరికా ప్రతినిధుల సభలో జార్జియా రాష్ట్రం 14వ నియోజకవర్గానికి చెందిన రిపబ్లికన్ సభ్యురాలు. వైద్యవృత్తిలో ఉన్నవారి కోసం ఏటా 10,000 వీసాలను మినహాయించి, ఆ మినహాయింపును కూడా పదేళ్లలో క్రమంగా తొలగించాలన్నది ఆమె ప్రతిపాదన. టెక్నాలజీ, వైద్యం, ఇంజినీరింగు, తయారీ రంగాలలో కంపెనీలు ఈ వీసాను అడ్డం పెట్టుకొని అమెరికన్ల ఉద్యోగాలను విదేశీయులకు ఇస్తున్నాయన్నది ఆమె వాదన. ఆమోదం పొందుతున్న హెచ్-1బీ దరఖాస్తులలో పదింట ఏడుకు పైగా భారతీయులవే కాబట్టి, ఇటువంటి ప్రకటన వాషింగ్టన్‌లో వెలువడిన కొన్ని గంటలకే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాలలో ఇంటింటి మాట కావడంలో ఆశ్చర్యం లేదు. పిల్లల ఎం.ఎస్. చదువు కోసం ప్లాటు తాకట్టు పెట్టి బ్యాంకు రుణం తీసుకున్న తల్లిదండ్రులు, అమెరికా సంబంధం ఖాయం చేసుకొని ముహూర్తం కోసం చూస్తున్న కుటుంబాలు, వీసా లాటరీ ఫలితం కోసం ఎదురుచూస్తున్న యువకులు ఇటువంటి వార్తను తమ ఇంటి వార్తగానే చదువుతారు. ప్రకటన అసలు రూపం ఏమిటో, దానికి ఎంత బలం ఉందో, మన నిర్ణయాలను అది ఎంతవరకు ప్రభావితం చేయవచ్చో తేల్చుకోవలసిన పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. జిల్లా పేజీలకు వార్తలు రాసే విలేకరులకూ, యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవారికీ కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

మొదట ఆమె నిజంగా ఏ మాటలు అన్నారో చూడాలి. ఇది తేలికైన పనిగా కనిపిస్తుంది కానీ, గ్రీన్ విషయంలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాలిఫోర్నియా కార్చిచ్చుకు "యూదుల అంతరిక్ష లేజర్లు" కారణమని ఆమె అన్నారన్న మాట ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. 2018 నవంబరులో, అంటే ఆమె ఎన్నిక కావడానికి రెండేళ్ల ముందు, రాసిన ఆ ఫేస్‌బుక్ పోస్టులో ఆ పదబంధం ఎక్కడా లేదు. అంతరిక్షంలోని సౌర విద్యుత్ పరికరాల నుంచి వచ్చే కాంతిపుంజం మంటలకు కారణమై ఉండవచ్చన్న ఊహ మాత్రం ఉంది. దానితోపాటు ఒక విద్యుత్ సంస్థ పేరూ, యూదు వ్యతిరేక కుట్ర కథలలో తరచుగా వినిపించే రోత్‌షీల్డ్ పేరూ ఉన్నాయి. ఆధారం లేని ఆ ఊహపై వచ్చిన విమర్శ న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయినప్పటికీ, విమర్శకులు పెట్టిన ఎగతాళి పేరును ఆమె స్వంత మాటగా కొటేషన్ గుర్తుల మధ్య అచ్చువేయడం తప్పు. అలా చేస్తే తాను ఆ మాట అననే లేదని చెప్పే అవకాశాన్ని మనమే ఆమెకు ఇచ్చినట్లవుతుంది. కొటేషన్ గుర్తులలో పెట్టే ప్రతి ముక్కకూ మూల పాఠం మన కంటితో చూసి ఉండాలి. చూడనప్పుడు, ఫలానా పత్రిక రాసిందని చెప్పి ఊరుకోవాలి.

మూల పాఠం దొరికే చోటు ప్రకటన రకాన్ని బట్టి మారుతుంది. సభలో చేసిన ప్రసంగమైతే దాని లిఖిత రూపం అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అధికారిక కార్యవాహిలో, కాంగ్రెస్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తుంది. సభ్యులు సభలో పలకని పాఠాన్ని కూడా తరువాత కార్యవాహిలో చేర్పించుకోవచ్చు. ప్రతినిధుల సభ భాగంలో అటువంటి పాఠాన్ని వేరే అక్షరరూపంలో ముద్రిస్తారు కాబట్టి, "సభలో గర్జించారు" అని రాసే ముందు ఆ తేడాను గమనించాలి. ప్రసంగం పూర్తి వీడియో 1979 నుంచి సభా కార్యక్రమాలను ప్రసారం చేస్తున్న సీ-స్పాన్ సంస్థ వద్ద దొరుకుతుంది. ఎక్స్‌లోని ప్రకటనలకు వస్తే, గ్రీన్‌కు సభ్యురాలి హోదాలో ఒక ఖాతా, వ్యక్తిగతంగా మరొక ఖాతా ఉండేవి. కోవిడ్‌పై తప్పుడు సమాచారం కారణంగా 2022 జనవరి 2న అప్పటి ట్విట్టర్ శాశ్వతంగా నిలిపివేసింది ఆమె వ్యక్తిగత ఖాతాను మాత్రమే. అధికారిక ఖాతా కొనసాగింది. నిలిపివేసిన ఖాతాను అదే సంవత్సరం నవంబరులో పునరుద్ధరించారు. పదవి వీడిన సభ్యుల అధికారిక వెబ్ పేజీలు ఎల్లకాలం అలాగే ఉండవు కాబట్టి, అవసరమైన ప్రకటనను చూసిన రోజే తేదీతో సహా భద్రపరచుకోవడం, పాతవాటి కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకడం మంచిది.

ముప్పై సెకన్ల వీడియో ముక్కను, ముఖ్యంగా తెలుగు గొంతు కలిపి తయారుచేసినదాన్ని, మూల పాఠంగా ఎంచకూడదు. 2023 ఫిబ్రవరి 20న గ్రీన్ "దేశానికి విడాకులు" కావాలని, రిపబ్లికన్ రాష్ట్రాలు, డెమొక్రటిక్ రాష్ట్రాలు విడిపోవాలని రాసినప్పుడు, ఆ ఒక్క వాక్యమే ప్రపంచం చుట్టివచ్చింది. ఆ వెంటనే వచ్చిన వివరణలో, తాను అంతర్యుద్ధాన్ని కోరడం లేదనీ, దేశపు చట్టబద్ధ ఐక్యతను నిలుపుకుంటూనే భిన్నాభిప్రాయాలున్న రాష్ట్రాలు విడివిడిగా నడిచే ఒప్పందం గురించి మాట్లాడుతున్నాననీ ఆమె చెప్పారు. ఆ వివరణ తర్వాత కూడా ప్రతిపాదన అసాధ్యమని ఎవరైనా వాదించవచ్చు. సొంత పార్టీలోనూ కొందరు వాదించారు. కానీ వివరణను చదవకుండా చేసే వాదనకు విలువ తక్కువ. ప్రత్యేక రాష్ట్రం కోసం దశాబ్దాలు ఉద్యమించిన ప్రాంతంలో "విడిపోవడం" అన్న మాటకు ఉన్న అర్థఛాయలు అక్కడి చర్చకు అతకవన్న సంగతిని కూడా మన పాఠకుడు గుర్తుంచుకోవాలి.

తేదీ విషయంలో చిన్న జాగ్రత్త అవసరం. మన గడియారం వాషింగ్టన్ కంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. రాజీనామా చేస్తున్నట్లు గ్రీన్ 2025 నవంబరు 21 శుక్రవారం సాయంత్రం ప్రకటించేసరికి మనకు 22వ తేదీ తెల్లవారింది. అందువల్ల తెలుగు పత్రికలోని "నిన్న" అన్న మాటను నమ్మి మూలాన్ని వెతికితే అది దొరకకపోవచ్చు. ఒక రోజు వెనక్కి కూడా వెతకాలి.

మాటలు తేలిన తరువాత, అవి ఎవరిని ఉద్దేశించినవో అడగాలి. గ్రీన్ ఓటర్లు వాయవ్య జార్జియాలోని రోమ్, డాల్టన్ వంటి పట్టణాలవారు. కొత్తవాడ జంపఖానాలకు మన దగ్గర ఎంత పేరుందో, కార్పెట్ మిల్లుల వల్ల అమెరికాలో డాల్టన్‌కు అంతకు మించిన పేరుంది. విదేశీ కార్మికులు, ఉద్యోగాలు, సరిహద్దు గురించి ఆమె మాట్లాడినప్పుడల్లా మొదటి శ్రోతలు వారే. వారిని ఒప్పించడానికి అన్న మాటను మనకు పంపిన నోటీసుగా చదవడం వల్లనే సగం ఆందోళన పుడుతుంది. అలాగని అది ఉత్త ఎన్నికల మాట అని కొట్టిపారేయడమూ సరికాదు, ఎందుకంటే ఒక సభ్యురాలు పదేపదే చెప్పే మాట ఆ పార్టీ మద్దతుదారులలో ఒక వర్గం అభిప్రాయాన్ని చూపుతుంది. పార్టీ మొత్తం అలాగే ఆలోచిస్తుందా అన్నది వేరే ప్రశ్న. గ్రీన్ హెచ్-1బీ రద్దు ప్రకటన చేసిన వారంలోనే, అమెరికాలో కొన్ని రకాల ప్రతిభ దొరకడం లేదంటూ అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఫాక్స్ న్యూస్ ఇంటర్వ్యూలో అదే వీసాను సమర్థించారు. ఇద్దరూ రిపబ్లికన్లే. ఒకరి మాటను "అమెరికా నిర్ణయం"గా రాసిన శీర్షికకు, మరొకరి మాట ముందు సమాధానం ఉండదు.

ఇక అన్నింటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసినది, ఆమె మాటకు ఉన్న అధికారాన్ని అంచనా వేయడం మీద. ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులుంటారు, సెనేట్‌లో 100 మంది. ఏ సభ్యుడైనా బిల్లు ప్రవేశపెట్టవచ్చు. ప్రవేశపెట్టగానే దానికి హెచ్.ఆర్. అనే అక్షరాలతో ఒక సంఖ్య వస్తుంది. అది సంబంధిత కమిటీకి వెళుతుంది. కమిటీ పట్టించుకుంటే సభ ముందుకు, అక్కడ నెగ్గితే సెనేట్‌కు, అక్కడా నెగ్గితే అధ్యక్షుడి సంతకానికి వెళుతుంది. రెండేళ్ల కాంగ్రెస్ కాలం ముగిసేలోగా ఈ మెట్లన్నీ ఎక్కని బిల్లు దానంతట అదే మురిగిపోతుంది. ప్రస్తుత 119వ కాంగ్రెస్ గడువు 2027 జనవరి 3. ఒక్కొక్క కాంగ్రెస్‌లో వేల బిల్లులు వస్తే, చట్టమయ్యేవి కొన్ని వందలు మాత్రమే. మన లోక్‌సభలో మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు బిల్లు 1970 తర్వాత ఒక్కటి కూడా ఉభయ సభల ఆమోదం పొందలేదు. అమెరికాలో ప్రభుత్వ శాఖలు నేరుగా బిల్లు పెట్టలేవు కాబట్టి అక్కడ ప్రతి బిల్లూ ఎవరో ఒక సభ్యుడి పేరు మీదనే వస్తుంది. అందువల్ల సభ్యుడి బిల్లు అన్నంత మాత్రాన దాన్ని తీసిపారేయలేము. అయితే కమిటీ ఛైర్మన్ల, సభాపతి మద్దతు ఉందా లేదా అన్నదే దాని భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

వలస చట్టాలకు సంబంధించిన బిల్లులు ప్రతినిధుల సభ జుడీషియరీ కమిటీకి వెళతాయి. గ్రీన్ ఆ కమిటీలో సభ్యురాలు కారు. 2021 ఫిబ్రవరి 4న సభ 230–199 ఓట్లతో ఆమెను కమిటీల నుంచి తొలగించింది. 11 మంది రిపబ్లికన్లు కూడా తొలగింపుకే ఓటు వేశారు. తన పార్టీకి ఆధిక్యం వచ్చిన తర్వాత 2023లో ఆమెకు హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ, ఓవర్‌సైట్ కమిటీలలో చోటు దక్కింది. కాబట్టి హెచ్-1బీపై ఆమె తెచ్చే బిల్లు తాను సభ్యురాలు కాని కమిటీ గుమ్మం ముందు ఆగవలసినదే. పై ప్రకటన చేసిన ఎనిమిదో రోజున ఆమె రాజీనామా నిర్ణయం వెలువడింది, 2026 జనవరి 5న ఆమె పదవీకాలం ముగిసింది. ప్రవేశపెట్టిన సభ్యుడు వెళ్లిపోయినంత మాత్రాన బిల్లు రద్దు కాదు, కానీ దాన్ని భుజాన వేసుకొని తిరిగే మనిషి లేనప్పుడు అది కదిలే అవకాశం మరింత సన్నగిల్లుతుంది.

సభ్యురాలి వెనుకటి చరిత్రలో ఓట్ల లెక్క చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. ప్రతి ఓటు వివరమూ సభ క్లర్క్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. జో బైడెన్ పదవి చేపట్టిన మరునాడే, 2021 జనవరి 21న, గ్రీన్ ఆయనపై అభిశంసన తీర్మానం పెట్టారు. అది ముందుకు సాగలేదు. 2024 మే 8న సొంత పార్టీ సభాపతి మైక్ జాన్సన్‌ను దించాలని తీర్మానం తెస్తే, సభ దాన్ని 359–43 ఓట్లతో పక్కన పెట్టింది. ఈ రెండింటిని చూసి ఆమె మాటకు విలువ లేదని తీర్మానించేవారు మూడో సంగతిని కూడా చూడాలి. లైంగిక నేరాలలో దోషిగా తేలిన జెఫ్రీ ఎప్‌స్టీన్ కేసు పత్రాలను బయటపెట్టాలన్న బిల్లును నాయకత్వం ఇష్టానికి విరుద్ధంగా సభ ముందుకు తెప్పించిన పిటిషన్‌పై 218 సంతకాలు అవసరమైతే, రిపబ్లికన్ల నుంచి సంతకం చేసినవారు నలుగురే. థామస్ మాసీతో పాటు గ్రీన్, లారెన్ బోబర్ట్, నాన్సీ మేస్ అనే ముగ్గురు మహిళా సభ్యులు ఆ నలుగురు. చివరికి 2025 నవంబరు 18న ఆ బిల్లు 427–1 ఓట్లతో నెగ్గి, మరునాడే చట్టమైంది. సభలో బలాబలాలు దగ్గరగా ఉన్నప్పుడు ఒక్క సంతకానికి కూడా పెద్ద బలం వస్తుంది. కాబట్టి "ఏమన్నారు" అన్న ప్రశ్న వెంట "ఏ కాగితం మీద సంతకం పెట్టారు, వెంట ఎంతమంది ఉన్నారు" అన్న ప్రశ్నలు రావాలి. బిల్లు పేజీలో సహ ప్రతిపాదకుల జాబితా చూస్తే రెండో ప్రశ్నకు సమాధానం నిమిషంలో దొరుకుతుంది.

చెప్పిన మాటకూ, నిజంగా అమలయ్యేదానికీ ఉన్న ఈ తేడాను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు చెప్పనవసరం లేదు. పత్రికలో వచ్చేది జెండా పాట ధర, అంటే ఆ రోజు వేలంలో పలికిన గరిష్ఠ ధర; తన బస్తాలకు నిజంగా పలికింది తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో ఉంటుంది. అమెరికా వలస విధానంలో తక్‌పట్టీ వంటిది అధ్యక్ష ప్రకటనల, సంబంధిత శాఖల నియమావళుల అధికారిక పాఠమే తప్ప, సభ్యుల ఎక్స్ పోస్టు కాదు. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు సంతకం చేసిన హెచ్-1బీ ప్రకటన లక్ష డాలర్ల చెల్లింపు నిబంధనను రెండు రోజుల్లోనే అమలులోకి తెచ్చింది. ఆ సందర్భంలో అమెరికా వాణిజ్య మంత్రి ఏటా చెల్లించాలన్నట్లు మాట్లాడితే, ఇది ఒక్కసారి చెల్లించేదేననీ, కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందనీ వైట్‌హౌస్ మరునాడు స్పష్టం చేయవలసి వచ్చింది. ఈ మధ్యలో సెలవు మీద వచ్చినవారు ఉన్నపళంగా విమానం టికెట్ల కోసం పరుగులు తీశారు. ఆ తర్వాత, 2025 డిసెంబరులో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ లాటరీ పద్ధతినే మార్చి, ఎక్కువ వేతన స్థాయి ఉన్న ఉద్యోగాలకు ఎంపికయ్యే అవకాశం పెరిగేలా తుది నియమం తెచ్చింది. 2026 ఫిబ్రవరి 27 నుంచి అది అమలులోకి వచ్చింది. కొత్తగా చదువు ముగించి తక్కువ జీతంతో చేరే మన పిల్లలకు గ్రీన్ ప్రకటన కంటే ఈ నియమం ఎన్నో రెట్లు ముఖ్యమైనది. అయినా దానిపై జరిగిన చర్చ, నా దృష్టికి వచ్చినంత వరకు, చాలా తక్కువ. గట్టిగా అరిచే రాజకీయ నాయకురాలు లేని వార్తకు మన శ్రద్ధ దక్కదన్నది విచారించవలసిన సంగతే.

ప్రకటనలోని విషయాన్ని చట్టంతో పోల్చడం తరువాతి పని. 2025 ఆగస్టులో గ్రీన్ "భారతీయ హెచ్-1బీ వీసాలను" ఆపాలని రాశారు. చట్టంలో ఏ దేశం పేరుతోనూ హెచ్-1బీ లేదు. 1990 నాటి వలస చట్టంతో ఏర్పడిన ఈ వీసాకు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 అన్న పరిమితిని కాంగ్రెసే నిర్ణయించింది. ఈ పరిమితి అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా వర్తిస్తుంది. దేశాల వారీ పరిమితి ఉన్నది శాశ్వత నివాస హక్కునిచ్చే గ్రీన్ కార్డుకు. వీసా విధానాన్ని పూర్తిగా ఎత్తివేయాలంటే కొత్త చట్టం అవసరమవుతుంది. అలాగే ఎం.ఎస్. చదవడానికి వెళ్లే విద్యార్థి తీసుకునేది ఎఫ్-1 వీసా. హెచ్-1బీ మెట్టు అతనికి ఆ తర్వాత వస్తుంది. సీటు వచ్చిన పిల్లవాణ్ని ఆపాలా పంపాలా అని ఆలోచించే తండ్రి ఒక సభ్యురాలి పోస్టును కాక, రుణభారాన్నీ, చదివే కోర్సునూ, లాటరీ నియమాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

సభలో పలికినంత మాత్రాన మాట నిజమైపోదని కూడా ఇక్కడే చెప్పాలి. మన రాజ్యాంగంలోని 105వ అధికరణం పార్లమెంటు సభ్యులకు ఇచ్చినటువంటి రక్షణనే, అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోని ఆరో విభాగం అక్కడి సభ్యులకు ఇస్తుంది. సభలో అన్నదానికి కోర్టులో జవాబు చెప్పుకోనవసరం లేదు. అది మాట్లాడే స్వేచ్ఛకు రక్షణే కానీ, మాట్లాడిన విషయానికి ధ్రువీకరణ కాదు.

ప్రకటన తరువాత ఏమి జరిగిందో చూడకుండా దాన్ని ఉదహరించకూడదు. గ్రీన్ ఈ విషయంలో కొంచెం చిక్కైన వ్యక్తి. 2021 ఫిబ్రవరి 4న, కమిటీల నుంచి తొలగింపుపై ఓటింగ్‌కు ముందు, నిజం కాని విషయాలను తాను నమ్మానని సభలో ఒప్పుకున్నారు; సెప్టెంబరు 11 దాడులు జరిగాయనీ, పాఠశాలల్లో కాల్పులు వాస్తవమనీ చెప్పారు. అదే సంవత్సరం మే నెలలో మాస్కు నిబంధనలను నాజీల కాలంలో యూదులపై జరిగిన అకృత్యాలతో పోల్చి, జూన్ 14న వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం సందర్శించాక క్షమాపణ చెప్పారు. అయినా 2024 అక్టోబరులో, హెలీన్ తుపాను తరువాత, "వాళ్లు" వాతావరణాన్ని అదుపు చేయగలరని రాశారు. 2025 జూలైలో గాజాలో జరుగుతున్నది జాతిహననమని అన్నారు. రిపబ్లికన్ సభ్యులలో ఆ మాట వాడిన తొలి వ్యక్తి ఆమెయే. ట్రంప్ ఆమెకు మద్దతు ఉపసంహరించుకున్న తర్వాత, నవంబరు 16న సీఎన్ఎన్ ఇంటర్వ్యూలో విషపూరిత రాజకీయాలలో తాను పాలుపంచుకున్నందుకు క్షమాపణ కోరారు. 2018 నాటి మాటను 2025 నాటి వైఖరిగా చూపితే పాఠకుణ్ని తప్పుదారి పట్టించినట్లే, 2025 క్షమాపణను చూపి పాతవి అననట్లే రాసినా అంతే. మాట పక్కన తేదీ, ఆనాడు ఆమె హోదా, తరువాత వచ్చిన సవరణ ఉంటే చాలు. ఆమె మారారా లేదా అన్నది పాఠకుడే తేల్చుకుంటాడు. నోరు జారిన సందర్భాలను మాత్రం వదిలేయవచ్చు. 2022లో నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపో పేరు అనబోయి గజ్‌పాచో అనే చల్లని సూపు పేరు పలికితే లోకం నవ్వింది, కానీ దాని నుంచి విధానమేదీ తేలదు.

చివరగా, ఈ సమాచారాన్ని ఇతరులకు పంపేటప్పుడు లేదా వార్తగా రాసేటప్పుడు, పని ఏ దశలో ఉందో క్రియాపదంలోనే తెలియనివ్వాలి. ఆమె ప్రకటించారా, బిల్లు ప్రవేశపెట్టారా, కమిటీ ఆమోదించిందా, సభ నెగ్గించిందా, అధ్యక్షుడు సంతకం చేశారా అన్నవి వేరువేరు వార్తలు. శీర్షికలో చోటు లేదన్న సాకు చెల్లదు. "హెచ్-1బీ రద్దుకు గ్రీన్ ప్రతిపాదన" అనడానికి "హెచ్-1బీ రద్దు" కంటే రెండే మాటలు ఎక్కువ. ఇంట్లో పెద్దవారికి వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా, వార్త లింకుతో పాటు అది ఇంకా చట్టం కాలేదన్న ఒక్క వాక్యం చేరిస్తే, అమెరికాలో ఉన్న పిల్లలకు అర్ధరాత్రి ఫోన్లు తగ్గుతాయి.

గ్రీన్ ఇప్పుడు సభలో లేరు కానీ ఇటువంటి ప్రకటనలు ఆగవు. ఇకపై ఏ సభ్యురాలైనా వీసాలపై మాట్లాడిన వార్త వచ్చినప్పుడు, ముందుగా ఆమె జుడీషియరీ కమిటీలో ఉన్నారేమో చూడండి. తరువాత కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లుకు సంఖ్య వచ్చిందేమో, సహ ప్రతిపాదకులు ఎంతమందో చూడండి. ప్రతి సంవత్సరం మార్చిలో హెచ్-1బీ రిజిస్ట్రేషన్ మొదలవుతుంది కాబట్టి, ఫిబ్రవరి నుంచే అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం వెబ్‌సైట్‌లోని అధికారిక ప్రకటనలను వారానికొకసారి నేరుగా చదువుతూ ఉండండి.